ఉన్నత పాఠశాలలో వ్యవసాయ విద్య: కళాశాల విద్యార్థుల దృక్పథం

చదువు సరిగా సాగని పిల్లవానిని మన ఇళ్ళలో పెద్దలు మందలించే మాట ఒకటి ఉన్నది: “చదువుకోకపోతే గేదెలు కాసుకొని బ్రతకవలసిందే!” ఈ మాట అనే తండ్రి తరచు రైతే. పాడి మీద, పంట మీద వచ్చిన రాబడితోనే ఆయన ఆ పిల్లవాని ఫీజు కడుతున్నాడు. అయినప్పటికీ ఆ మందలింపులో చదువు ఒక గట్టున, సేద్యం మరొక గట్టున నిలుస్తున్నవి. చదువు వస్తే బహుమానం ఉద్యోగం. చదువు రాకపోతే శిక్ష పొలం. ఈ పాఠం ఏ వాచకంలోనూ అచ్చు కాలేదు. కాని పిల్లవాడు పదవ తరగతికి వచ్చేనాటికి తక్కిన పాఠాలన్నిటికంటె గట్టిగా కంఠస్థమయ్యేది ఇదే.

అటువంటి పిల్లలే నేడు కళాశాలలలో ఉన్నారు. ఉన్నత పాఠశాలలో వ్యవసాయాన్ని బోధించవలెనా అన్న ప్రశ్నకు వారు ఏమి సమాధానం చెబుతారు? పాఠశాలను విడిచి ఎంతో కాలం కాలేదు కనుక అక్కడి లోటుపాట్లు వారికి జ్ఞాపకమే. మరి పది పదిహేనేళ్ళలో వారే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, అధికారులు కాబోతున్నారు. అందుచేత వారి అభిప్రాయం తేలికగా త్రోసివేయదగినది కాదు.

యువజన కార్యక్రమాల నిమిత్తం మా స్టూడియోకు వచ్చే విద్యార్థులను, ధ్వనిముద్రణ పని మీద నేను వెళ్ళిన కళాశాలలలోని వారిని ఈ ప్రశ్న అడుగుతూ వచ్చినాను. ఇది లెక్కలు కట్టిన పరిశోధన కాదు. మాటల సందర్భంలో విన్న సంగతులు మాత్రమే. వాటిలో నాలుగు సమాధానాలు నన్ను ఆలోచింపజేసినవి.

డెల్టా ప్రాంతపు రైతుబిడ్డ, ఇంజనీరింగ్ చదువుతున్న యువకుడు ఇట్లా అన్నాడు: “మా నాన్న నన్ను పొలం గట్టు దాటించాలనే చదివిస్తున్నారండీ. బడికి పోయినా మళ్ళీ పొలమే ఎదురైతే ఇంక చదువెందుకు?”

డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి నన్నే ఎదురు ప్రశ్న వేసింది: “ఆ సబ్జెక్టుకు ప్రవేశపరీక్షలో మార్కులుంటాయా సార్? ఉండకపోతే బాగా చదివేవాళ్ళు తీసుకోరు. బాగా చదివేవాళ్ళు తీసుకోని సబ్జెక్టుకు మంచి మాస్టారినీ వేయరు.”

మూడవ సమాధానం వ్యవసాయ కూలీ కుటుంబంలో పుట్టిన విద్యార్థిది. “మాకు సెంటు భూమి లేదు. మా అమ్మ నాట్లకు పోతుంది. నాటు వేయడం నాకు బడి నేర్పాలా సార్? ఆ పని నాకు వద్దనే కదా అమ్మ నన్ను బడికి పంపింది!”

నాల్గవవాడు వ్యవసాయ కళాశాలలో చివరి సంవత్సరపు విద్యార్థి. “మెడికల్ సీటు రాక ఇందులో చేరాను. పల్లెలో రైతుల దగ్గర ఉండి పనిచేసినప్పుడు గాని ఇదెంత పెద్ద శాస్త్రమో తెలిసిరాలేదు. ఎనిమిదో తరగతిలోనే ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉంటే, మొదటి కోరికగా దీన్నే పెట్టుకొనేవాడిని” అన్నాడు.

ఈ మాటలు విని, నేటి యువకులకు మట్టి అంటే చిన్నచూపు అని తీర్పు చెప్పడం సులభం. ఆ తీర్పు న్యాయమైనది కాదు. మొదటి విద్యార్థి గౌరవాన్ని గూర్చి అడుగుతున్నాడు. రెండవ విద్యార్థిని, పై చదువులకు దారి ఉన్నదా అని అడుగుతున్నది. మూడవవాడు న్యాయాన్ని అడుగుతున్నాడు. నాల్గవవాడు తనకు ఆలస్యంగా అందిన జ్ఞానాన్ని తలచుకొని విచారిస్తున్నాడు. ఈ నలుగురికీ సమాధానం చెప్పగలిగిన వ్యవసాయ విద్యకే మన పాఠశాలలలో చోటు ఉంటుంది. అటువంటి విద్య ఎట్లా ఉండవలెనో తెలుసుకోవడానికి ముందు, లోగడ జరిగిన ప్రయత్నాలను కొంచెం పరికించవలసి ఉన్నది.

చేతిపనిని విద్యకు కేంద్రం చేయవలెనన్న ఆలోచన 1937లో వార్ధా విద్యా మహాసభలో గాంధీజీ దేశం ముందు ఉంచినారు. జాకీర్ హుస్సేన్ గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘం రూపొందించిన మౌలిక విద్యా ప్రణాళికలో నూలు వడకడం, నేత మొదలైన వాటితోపాటు సేద్యం కూడా ఒక మూలవృత్తిగా చోటు చేసుకొన్నది. వృత్తి ద్వారా గణితం, విజ్ఞానం, సాంఘిక జ్ఞానం నేర్పడం దాని ఉద్దేశం. ఆచరణలో చాలాచోట్ల వృత్తి ఒక గంటగాను, చదువు మరొక గంటగాను విడిపోయినవి.

తరువాత 1952–53 నాటి సెకండరీ విద్యా కమిషన్ వచ్చినది. దాని అధ్యక్షులు మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులైన డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ గారు. బహుళార్థసాధక పాఠశాలలు స్థాపించి, ఏడు శాఖలలో విద్య నేర్పవలెనని ఆ కమిషన్ సూచించినది. ఆ ఏడింటిలో వ్యవసాయం ఒకటి. ఉద్దేశం గొప్పదే. కాని శాఖలు ఏర్పడగానే వాటి మధ్య ఎక్కువ తక్కువలు కూడా ఏర్పడినవి. మంచి మార్కులు వచ్చినవారు విజ్ఞానశాస్త్రానికి పోయినారు. వ్యవసాయ శాఖ, మరెక్కడా చోటు దొరకనివారి శాఖ అన్న పేరు పడినది. ఆ అమ్మాయి నేడు చెప్పిన మాట ఆనాడే రుజువైనదన్నమాట.

1964–66లో డాక్టర్ డి.ఎస్. కొఠారీ గారి అధ్యక్షతన పనిచేసిన విద్యా కమిషన్ ఈ అనుభవాన్ని గమనించినది. చిన్న వయస్సులోనే బడిపిల్లలను సేద్యపు వృత్తిలో నిపుణులను చేయబూనడం ఫలించలేదన్నది. అటువంటి పాఠశాలలను పెంచే ఆలోచన నిలిపివేసి, వ్యవసాయ దృష్టిని సామాన్య విద్య అంతటిలోను అంతర్భాగం చేయవలెనని, వృత్తి శిక్షణను మెట్రిక్ తరువాత వ్యవసాయ పాలిటెక్నిక్‌లలో ఇవ్వవలెనని సలహా చెప్పినది. ఈ సలహాలో రెండవ భాగం కొంత అమలు జరిగినది. తెలుగునాట పదవ తరగతి అయిన పిల్లలకు రెండేండ్ల వ్యవసాయ డిప్లొమా నేర్పే పాలిటెక్నిక్‌లు వెలసినవి. మొదటి భాగం, అనగా బడికి వచ్చే ప్రతి పిల్లవానికీ వ్యవసాయ దృష్టి కల్పించడం, మిగిలిపోయినది.

మూడవ విద్యార్థి మాటకు వెనుక మరొక చరిత్ర ఉన్నది. 1953లో మద్రాసు రాష్ట్రంలో శ్రీ రాజగోపాలాచారి గారి ప్రభుత్వం, పల్లెలలోని ప్రాథమిక పాఠశాలల్లో పూటబడి పద్ధతి ప్రవేశపెట్టినది. పిల్లలు ఒక పూట బడిలో చదువుకొని, రెండవ పూట ఇంటి వృత్తి నేర్చుకోవలెను. బడులు చాలని కాలంలో ఎక్కువమంది పిల్లలకు చదువు అందించవచ్చునని ప్రభుత్వం చెప్పినది. కాని తండ్రి వృత్తిలోనే బిడ్డను కట్టివేసే కులవిద్య ఇది అని తీవ్రమైన ఆందోళన జరిగినది. 1954లో ఆ పథకం రద్దయినది. పేద కుటుంబాల పిల్లలు వృత్తివిద్య అన్న మాట వినగానే అనుమానించడానికి ఇటువంటి కారణాలు ఉన్నవి. పట్టణపు బడిపిల్లలకు కంప్యూటరు, పల్లెటూరి బడిపిల్లలకు పార అన్నట్లు పంపకం జరిగినంతకాలం ఆ అనుమానం పోదు; పోనక్కరలేదు.

అమెరికా అనుభవం కూడా ఈ సందర్భంలో చెప్పుకోదగినది. ఆ దేశంలో 1917లో స్మిత్–హ్యూస్ చట్టం ద్వారా ఉన్నత పాఠశాలల్లో వ్యవసాయ వృత్తివిద్యకు కేంద్ర ప్రభుత్వ ధనసహాయం లభించినది. ఆ పాఠాలు చదివే విద్యార్థి ఏడాదిలో కనీసం ఆరు నెలలు, ఇంటి పొలంలోనో మరొకచోటనో, పర్యవేక్షణ క్రింద సేద్యం చేయవలెనని నియమం పెట్టినారు. మంచి రైతులను తయారు చేయడంలో ఆ విద్య పేరు తెచ్చుకొన్నది. అయినా 1988లో అక్కడి జాతీయ పరిశోధనా మండలి నివేదిక, వ్యవసాయ జ్ఞానం రైతులు కాబోయే కొద్దిమందికే పరిమితం కారాదని, విద్యార్థులందరికీ అందవలెనని కోరినది. ‘అమెరికా భావి రైతులు’ అని అర్థం వచ్చే పేరుతో 1928లో పుట్టిన విద్యార్థి సంస్థ కూడా అదే 1988లో తన పేరు మార్చుకొన్నది. రైతులు కాదలచినవారికే అన్న అర్థం పోవడానికి ఆ విధంగా చేసినారు. పొలాలు, పద్ధతులు, సంపద అన్నీ వేరైన దేశం కూడా చివరకు కొఠారీ గారి కమిషన్ చెప్పిన చోటికే చేరినది.

ఇంతకూ బడిలో చెప్పవలసిన వ్యవసాయం ఏది? నాగలి పట్టడం, నాటు వేయడం మాత్రమే వ్యవసాయమయితే, వాటిని నేర్పడానికి ఉపాధ్యాయుడు అనవసరం. మన తల్లిదండ్రులే అంతకంటె బాగా నేర్పగలరు. బడి చెప్పవలసినది ఆ పనుల వెనుక ఉన్న లెక్క, వాటి వెనుక ఉన్న శాస్త్రం.

యూరియా బస్తాను తీసుకొందాము. దాని మీద 46 శాతం నత్రజని అని అచ్చువేసి ఉంటుంది. ఈ అంకె ఎక్కడినుండి వచ్చినది? యూరియా అణుభారం 60. అందులో రెండు నత్రజని పరమాణువుల భారం 28. అరవైలో ఇరవై ఎనిమిది అంటే దాదాపు 46.7 శాతం. ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రం చదివే పిల్లవాడు ఈ లెక్క నల్లబల్ల మీద చేయగలడు. 45 కిలోల బస్తాలో పంటకు పనికివచ్చే నత్రజని 20.7 కిలోలే అని అతనికి తెలిసిపోతుంది. ఆ సాయంకాలం ఇంటికి పోయి, “నాన్నా, మన పైరుకు ఎన్ని కిలోల నత్రజని కావాలన్నారు? మనం ఎన్ని బస్తాలు చల్లుతున్నాము?” అని అడుగుతాడు. ఎన్నో ఇళ్ళలో ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు. భూసార పరీక్ష పత్రం చేతికి వచ్చినా, అందులోని అంకెలు చదివి చెప్పేవారు లేక అది సూరులోనే ఉండిపోయిన ఇళ్ళు ఉన్నవి.

అట్లే వర్షం. రేడియోలో ప్రతిదినమూ మేము వర్షపాతాన్ని మిల్లీమీటర్లలో చెబుతూ ఉంటాము. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు పడినట్లు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. కాబట్టి 25 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు ఎకరం పొలంలో దాదాపు లక్ష లీటర్ల నీరు పడుతుంది. ఇది ఏడవ తరగతి గణితం. ఈ లెక్క తెలిసిన పిల్లవానికి చెరువు ఎందుకు త్రవ్వినారో, గట్టు ఎందుకు వేసినారో, బోరుబావి ఎందుకు ఎండిపోతున్నదో వేరే ఉపన్యాసం చెప్పనక్కరలేదు.

విత్తనపు సంగతి మరింత సులభం. నూరు వరి గింజలు లెక్కపెట్టి, తడిగుడ్డలో చుట్టి ఉంచి, మొలకెత్తినవి ఎన్ని అని చూడడానికి ప్రయోగశాల అవసరం లేదు. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండవలెనని నియమం. తన గుడ్డలో 60 మాత్రమే మొలిచినవని చూసిన పిల్లవాడు, నాసి విత్తనం అంటే ఏమిటో జన్మలో మరచిపోడు.

ఖర్చుల పట్టిక కూడా ఒక పాఠమే. విత్తనం, ఎరువు, కూలి, కౌలు వ్రాసిన తరువాత, ఇంటి ఇల్లాలు కలుపు తీసిన రోజులకు ఎంత వ్రాయవలెను? ఆమెకు ఎవరూ కూలి ఇవ్వలేదు కనుక సున్న వేయవలెనా? కుటుంబ శ్రమకు విలువ కట్టవలెనా, సొంత భూమికి కౌలు లెక్కించవలెనా అన్న ప్రశ్నల మీదనే మద్దతు ధరల వాదం దేశంలో నడుస్తున్నది. పదవ తరగతి పిల్లలు తమ ఇళ్ళ లెక్కలు తెచ్చి తరగతిలో ఈ విషయం చర్చిస్తే, గణితము, అర్థశాస్త్రము, తల్లి శ్రమ పట్ల గౌరవము మూడూ ఒకేసారి వస్తవి.

ఇటువంటి పాఠం మొదటి విద్యార్థి తండ్రికి కూడా నచ్చుతుందని నా నమ్మకం. రైతు జ్ఞానాన్ని ఎన్నడూ కాదనలేదు. 1960 దశకంలో తంజావూరు జిల్లాలో ఎ.డి.టి. 27 అనే వరి వంగడాన్ని గూర్చి ఆకాశవాణి విస్తృతంగా ప్రసారం చేసినది. రైతులు దానిని ఎంతగా ఆదరించినారంటే, ‘రేడియో వరి’ అని దానికి వారే పేరు పెట్టుకొన్నారు. రైతు తన కొడుకును పొలం గట్టు దాటించదలచినది పొలంలో నష్టాన్ని, అవమానాన్ని చూసినందువల్ల. జ్ఞానం మీద విముఖత వల్ల కాదు. కొడుకు ఇంజనీరు అయినా కానీ, ఈ లెక్కలు తెలిసిన ఇంజనీరు అయితే తండ్రికి నష్టమేమీ లేదు.

ఇక మూడవ విద్యార్థి ప్రశ్న. భూమి లేనివానికి వ్యవసాయ విద్య ఎందుకు? మట్టిని పరీక్షించే ఉద్యోగికి భూమి ఉండనక్కరలేదు. విత్తనాన్ని తనిఖీ చేసేవానికి, పంట ఋణం మంజూరు చేసే బ్యాంకు అధికారికి, తెగుళ్ళను గూర్చి పరిశోధన చేసే శాస్త్రజ్ఞునికి భూమి ఉండనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినప్పుడు గ్రామ వ్యవసాయ సహాయకులను నియమించినారు. తెలంగాణలో వ్యవసాయ విస్తరణాధికారులు ఉన్నారు. ఇవి చదువు వల్ల వచ్చే ఉద్యోగాలే. తల్లి వంగి నాటిన మడి గట్టు మీద కొడుకు సలహాదారుగా నిలబడగలిగితే, అది తండ్రి వృత్తిలో కట్టివేయడం అనిపించుకోదు. అయితే ఇందుకు ఒక షరతు ఉన్నది. బడితోటలో పని చేసేటప్పుడు కలెక్టరుగారి అబ్బాయి, కూలివాని అబ్బాయి ఒకే పార పట్టవలెను, ఒకే సూక్ష్మదర్శిని చూడవలెను. ఆలస్యంగా వచ్చినవానికి శిక్షగా మొక్కలకు నీళ్ళు పోయించే పద్ధతి వెంటనే మానవలెను. మొక్కకు నీరు పోయడం శిక్ష అని బడియే నేర్పిన తరువాత ఎన్ని పాఠ్యపుస్తకాలు వ్రాసినా ప్రయోజనం లేదు.

రెండవ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు సమాధానం ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు చెప్పవలెను. దారి బొత్తిగా లేదనలేము. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల వెలసినది. 1964లో రాజేంద్రనగరంలో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆచార్య ఎన్.జి. రంగా గారి పేరు పెట్టినారు. రాష్ట్ర విభజన తరువాత రాజేంద్రనగరంలో ఆచార్య జయశంకర్ గారి పేరిట తెలంగాణకు వేరే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినది. రంగా విశ్వవిద్యాలయానికి గుంటూరు సమీపాన గల లాం కేంద్రమయినది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా పొందినవారు ప్రవేశపరీక్ష వ్రాసి డిగ్రీలో చేరడానికి కూడా ఏర్పాటు ఉన్నది. అయితే ఈ మెట్లు ఉన్నవన్న సంగతి తొమ్మిదవ తరగతి పిల్లలలో ఎందరికి తెలుసు? 2020 నాటి జాతీయ విద్యా విధానం ఒక విచిత్రమైన సంగతి పేర్కొన్నది. దేశంలోని విశ్వవిద్యాలయాలలో దాదాపు 9 శాతం వ్యవసాయ విశ్వవిద్యాలయాలు. కాని ఉన్నత విద్యలో ఉన్నవారిలో వ్యవసాయము, అనుబంధ శాస్త్రాలు చదివేవారు ఒక శాతం కంటె తక్కువ. భవనాలు కట్టినాము, వాటి వైపు దారి చూపించవలసిన ఉన్నత పాఠశాలను మరచిపోయినాము.

ఆ విధానమే ఆరవ తరగతినుండి పిల్లలందరికీ వృత్తుల పరిచయం కలిగించవలెనని, ఆరు నుండి ఎనిమిదవ తరగతి లోపల పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానికమైన పనివారివద్ద నేర్చుకొనే అవకాశం ఇవ్వవలెనని చెప్పినది. ఈ అవకాశాన్ని మనం వ్యవసాయానికి వినియోగించుకొనవచ్చును. ప్రత్యేక శాఖ అక్కరలేదు. ప్రత్యేక గ్రూపు అంతకంటె అక్కరలేదు. విజ్ఞానశాస్త్రం, గణితం, సాంఘికశాస్త్రం పాఠాలలోనే నేలను, నీటిని, విత్తును, ధరను చేర్చవలెను. అవి పాఠంలో ఉంటే పరీక్షలోను ఉంటవి. పరీక్షలో ఉంటే ఎవరూ చిన్నచూపు చూడరు. వ్యవసాయ పట్టభద్రులను సమీపంలోని బడులకు అతిథి ఉపాధ్యాయులుగా పిలవవలెను. వారితోపాటు ఊరిలోని అనుభవశాలి అయిన రైతును కూడా తరగతిలో కుర్చీ వేసి కూర్చోబెట్టవలెను. ఏ కార్తెలో ఏ విత్తు వేయవలెనో, రేగడి నేలకు, చల్క నేలకు తేడా చేతితో తాకి ఎట్లా చెప్పవచ్చునో ఆయన చెబుతాడు. అందులో శాస్త్రానికి నిలిచేది ఏది, నిలవనిది ఏది అని పట్టభద్రుడు వివరిస్తాడు. ఒక రైతు ‘మాస్టారు’ అనిపించుకొనడం పిల్లలు కన్నులారా చూడడమే ఒక పెద్ద పాఠం.

శ్రోతలలో తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. మీ పిల్లలు రైతులు కావలెనని నేను కోరడం లేదు. ఏమి కావలెనో వారే నిర్ణయించుకొంటారు. గేదెలు కాచుకొనడం చదువురానివాని గతి అన్న మందలింపును మాత్రం మనం విడిచిపెట్టవలెను. పాలలో వెన్న శాతం, పశువుల దాణాలో మాంసకృత్తులు, గర్భధారణ పద్ధతులు తెలియనిదే నేడు పాడి కూడా సాగదు.

కళాశాల విద్యార్థులతో ఒక్క మాట. మీరు వ్యవసాయ విద్యను వద్దన్నప్పుడు, వద్దన్నది ఏ విద్యనో స్పష్టంగా చెప్పండి. దారి మూసివేసే విద్య, తండ్రి వృత్తికి కట్టివేసే విద్య, మార్కులు రానివారికి పారవేసే విద్య వద్దని గట్టిగా అనండి. మేమూ మీతో కలిసి అంటాము. అన్నం తినే ప్రతివాడూ, ఏ ఉద్యోగంలో ఉన్నా, ఒక గింజ వెనుక ఎంత నీరు, ఎంత నేల, ఎవరి శ్రమ ఉన్నదో తెలిసి ఉండవలెనని మాత్రం ఒప్పుకోండి. రేపు మీరు పాఠ్యప్రణాళిక వ్రాసే కుర్చీలో కూర్చున్ననాడు, మీకు ఎనిమిదవ తరగతిలో దొరకని ఆ పాఠం మీ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు దొరికేటట్లు చూడండి.